మోకాళ్లు అరిగినవాళ్లు బరువులతో వ్యాయామం చేయవచ్చా?

తెనాలి_లెక్కలమాస్టారు
నా వయసు 61. ముప్పై మూడేళ్లు నల్లబల్ల ముందు నిలబడి పాఠాలు చెప్పి రిటైరయ్యాను. రెండు మోకాళ్లూ నొప్పే, కుడిది మరీ ఎక్కువ. నెల క్రితం ఎక్స్‌రే తీయిస్తే మూడో గ్రేడు అరుగుదల అన్నారు, అన్నిటికన్నా ఎక్కువ అరుగుదల నాలుగో గ్రేడట. ఎముకల డాక్టరుగారు ఫిల్మును వెలుతురుకు ఎత్తి చూసి, "గుజ్జు అరిగిపోయింది, మెట్లెక్కకండి, కింద కూర్చోకండి, బరువుల జోలికి అసలు పోకండి" అన్నారు. ఆయన రాసిన చీటీలోనే చివర ఫిజియోథెరపీ అని కూడా ఉంది. అక్కడికి వెళితే ఆ అమ్మాయి మొదటిరోజే చీలమండకు రెండు కిలోల ఇసుక సంచి కట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, ముప్పైసార్లు కాలు చాపించింది. వచ్చే వారం నుంచి లెగ్ ప్రెస్, అంటే కూర్చుని పాదాలతో బరువును నెట్టే యంత్రం, మొదలుపెడదామంది. మర్నాడు పొద్దున మంచం దిగి బాత్‌రూము దాకా గోడ పట్టుకుని నడిచాను.

ఒకే చీటీ మీద ఇద్దరు చెరో దిక్కుకు లాగుతున్నారు, ఇద్దరికీ ఫీజు కడుతున్నది నేనే. అరిగిన కీలు మీద మళ్లీ బరువు వేస్తే ఇంకా అరగదా అన్నది నా మొదటి ప్రశ్న. వేయవచ్చు అనేట్టయితే ఎంత వేయాలి, ఎంత నొప్పి దాకా ఓర్చుకోవాలి అన్నది రెండోది. అనుభవం ఉన్నవాళ్లు వివరంగా రాయగలరు.

మెట్లంటే_భయం
ఇదే ప్రశ్న మా అమ్మ గురించి నేను అడగాలనుకుంటున్నాను. ఆవిడకు నాలుగో గ్రేడు అన్నారు. ఇక్కడ వచ్చే జవాబుల కోసం చూస్తుంటాను.

గుంటూరు_ఘాటు
మాస్టారూ, డాక్టరు చెప్పిన మాట వినండి. అరిగిన సైకిలు టైరుతో వెనక బియ్యం బస్తా వేసుకుని వెళతామా? మా మేనమామ యాభై ఎనిమిదో ఏట జిమ్‌లో చేరి, భుజాల మీద బరువు పెట్టుకుని గొంతుక్కూర్చుని లేవడం మొదలుపెట్టారు. మూడో వారానికి మోకాలు కొబ్బరికాయంత వాచింది, ఏడాది తిరక్కుండా ఆపరేషన్ అయింది. పొద్దున్నే చల్లగాలికి నడవండి, అంతకు మించిన వ్యాయామం మోకాళ్లకు అక్కరలేదు.

ఓరుగల్లు_ఫిజియో
ఘాటు గారి టైరు పోలికతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మా దగ్గరకు వచ్చే పదిమందిలో ఎనిమిదిమంది మనసులో ఉన్నది ఆ టైరే. టైరుకు ప్రాణం లేదు కనుక ఎంత వాడితే అంత అరుగుతుంది. కీలు బతికున్న వస్తువు. ఎముకల కొసల మీద ఉండే మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు. కాలు మోపినప్పుడు అది స్పాంజిలా నొక్కుకుపోయి, కాలు తీసినప్పుడు చుట్టూ ఉన్న ద్రవాన్ని పీల్చుకుంటుంది. దానికి తిండి అందే దారి ముఖ్యంగా అదే. కాబట్టి బరువే పడని మోకాలు కొంతకాలానికి బాగుపడదు సరికదా, తిండి లేని మోకాలవుతుంది. మనవాళ్లు గుజ్జు అనే మాట వాడడం వల్ల, అదేదో ఇరుసుకు పూసిన గ్రీజు వంటిదనీ, తరిగిపోతే మళ్లీ నింపుకోవాలనీ ఒక అభిప్రాయం నాటుకుపోయింది.

ఇక తొడ ముందుభాగంలో ఉండే పెద్ద కండరం సంగతి. మనం మెట్టు దిగినప్పుడు, కుర్చీలో కూర్చోబోయినప్పుడు శరీరం దభీమని పడకుండా నెమ్మదిగా దింపేది అదే. మోకాలు వాచినప్పుడు ఆ కండరానికి నరాల నుంచి వెళ్లే ఆదేశమే తగ్గిపోతుంది. అది మన బద్ధకం కాదు, కీలు తనను తాను కాపాడుకోవడానికి వేసుకునే బ్రేకు. బ్రేకు పడి కండరం సన్నబడుతుంది, సన్నబడిన కండరం మెట్టు మీద కాలును ఆపలేదు, ఆపలేకపోయినప్పుడు కుదుపంతా కీలు మీద పడి మళ్లీ నొప్పి వస్తుంది, నొప్పికి భయపడి మనం ఇంకా తక్కువ కదులుతాం. నడక మంచిదే, కానీ చదును నేల మీద చేసే నడక ఈ కండరాన్ని పెంచేంత పని పెట్టదు. అందుకే కండరం పెరిగే వ్యాయామాన్ని కొలిచి ఇవ్వాలంటాం.

ఘాటు గారి మేనమామ గారి విషయంలో తప్పు బరువుది కాకపోవచ్చు. యాభై ఎనిమిదేళ్ల మోకాలికి మొదటి వారంలోనే పాతికేళ్ల కుర్రాడి మోతాదు ఇచ్చి ఉంటారు.

తెనాలి_లెక్కలమాస్టారు
మోతాదు అన్నారు కనుక అంకెల్లో చెప్పండి. మొన్న ఇసుక సంచితో చేస్తున్నప్పుడు నొప్పి పదికి నాలుగు. మర్నాడు ఉదయం ఆరు. మూడో రోజు సాయంత్రానికి మామూలుగా ఉండే మూడుకు వచ్చింది.

ఓరుగల్లు_ఫిజియో
ఇంత బాగా రాసుకునే పేషెంటు దొరకడం మా అదృష్టం. మేము వాడే కొలత ఇలా ఉంటుంది. చేస్తున్నప్పుడు సున్నా నుంచి రెండు దాకా నొప్పి ఉంటే నిశ్చింతగా చేయవచ్చు. మూడు నుంచి అయిదు దాకా ఉంటే ఓర్చుకోదగినదే, అయితే మర్నాటి ఉదయానికల్లా ఎప్పుడూ ఉండే స్థాయికి దిగిపోవాలి. అయిదు దాటితే ఆపి, బరువైనా వంపైనా తగ్గించాలి. మీ నాలుగు ఫరవాలేదు, మర్నాటి ఆరు మాత్రం మోతాదు ఎక్కువైందని చెప్పే సాక్షి. అలాగని వ్యాయామమే తప్పని దాని అర్థం కాదు. ఇంగ్లండులో వైద్యానికి ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా, మొదట్లో నొప్పి కొంత పెరగవచ్చని రోగికి ముందే చెప్పమని ఉంది. మీకు ఆ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే సగం భయం ఉండేది కాదు.

రెండు కిలోలను ఒక కిలో చేయండి. ముప్పై బదులు ఎనిమిదిసార్లు చేసి, ఒకటిన్నర నిమిషం ఆగి, మళ్లీ ఎనిమిది చేయండి. వారానికి మూడు రోజులు చాలు, రోజు విడిచి రోజు.

ఇనుప_పలకలు
నేను కూకట్‌పల్లిలో ట్రైనర్‌ని. క్షమించాలి, ఒక కిలో ఇసుక సంచితో కండరం పెరుగుతుందంటే నేను ఒప్పుకోలేను. మా సభ్యుల్లో అరవై దాటినవాళ్లు, మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్లు పన్నెండుమంది దాకా ఉన్నారు. అందరి చేతా లెగ్ ప్రెస్ చేయిస్తాను. ఒక్కసారి మాత్రమే నెట్టగలిగిన గరిష్ఠ బరువు ఎంతో చూసి, అందులో డెబ్బై అయిదు శాతంతో ఎనిమిదిసార్లు నెట్టిస్తాను. కండరానికి సవాలు లేకపోతే అది మారదు. సుతిమెత్తగా చేయించి పంపిస్తే పేషెంటు మళ్లీ మళ్లీ వస్తాడు, క్లినిక్కు మాత్రం బాగుపడుతుంది.

ఓరుగల్లు_ఫిజియో
చివరి వాక్యానికి జవాబు చెప్పను. ఒక కిలో మొదటి మెట్టు అన్నాను, చివరి మెట్టు అనలేదు.

డబ్లిన్_గణాంకం
ఈ వాదన కేవలం అభిప్రాయాలతో తేలేది కాదు, సరిగ్గా దీని మీదే ఒక పెద్ద ప్రయోగం జరిగింది. నా ఉద్యోగం వైద్య ప్రయోగాల లెక్కలు చూడడం కనుక దాన్ని శ్రద్ధగా చదివాను. అమెరికాలోని ఉత్తర కరొలినాలో మోకాళ్ల అరుగుదల ఉన్న, యాభై దాటిన 377 మందిని లాటరీ వేసినట్టు మూడు జట్లుగా విడదీశారు. ఒక జట్టు ఇనుప_పలకలు గారు చెప్పినట్టే గరిష్ఠ బరువులో డెబ్బై అయిదు శాతంతో మొదలుపెట్టి తొంభై దాకా పోయింది. రెండో జట్టు ముప్పై నలభై శాతంతో తేలికగా చేసింది. మూడో జట్టుకు బరువులు లేవు, ఆరోగ్యం గురించి తరగతులు మాత్రం పెట్టారు. ఇలా ఒకటిన్నరేళ్లు నడిపారు. స్టార్ట్ అనే పేరుతో జరిగిన ఈ ప్రయోగం ఫలితాలు 2021లో జామా అనే వైద్య పత్రికలో వచ్చాయి.

ఇరవైకి లెక్కగట్టే నొప్పి కొలతలో చివరికి భారీ జట్టు 5.1 దగ్గర, తేలిక జట్టు 4.4 దగ్గర, తరగతుల జట్టు 4.9 దగ్గర ఆగాయి. గణాంకాల ప్రకారం వీటిలో తేడా లేనట్టే. మోకాలి మీద పడే ఒత్తిడిలోనూ తేడా కనిపించలేదు. వ్యాయామం వల్ల వచ్చే చిన్నాచితకా నొప్పులూ పట్లూ మాత్రం భారీ జట్టులోనే ఎక్కువ.

గుంటూరు_ఘాటు
నేను మొదటే చెప్పలేదా? ఒకటిన్నరేళ్లు ఇనుము మోసినవాడూ, కుర్చీలో కూర్చుని ఉపన్యాసం విన్నవాడూ ఒకే చోటికి చేరారు. ఉపన్యాసం వినేవాడికి కనీసం చెమట పట్టదు.

మెట్లంటే_భయం
ఇది చదివాక నాకు నిజంగా నీరసం వచ్చింది. అమ్మను ఫిజియో దగ్గరకు పంపాలా వద్దా?

డబ్లిన్_గణాంకం
పంపండి. నేను సగంలో ఆపి తప్పు చేశాను. ఆ ప్రయోగం అడిగిన ప్రశ్న "భారీ బరువు తేలిక బరువు కన్నా మేలా" అని. మేలు కాదని తేలింది. మూడు జట్లలోనూ నొప్పి మొదలున్నదాని కన్నా తగ్గింది. పట్టించుకునే మనుషులు దొరకడం వల్ల, క్రమం తప్పకుండా ఒక చోటికి వెళ్లడం వల్ల, నొప్పి దానంతట అది హెచ్చుతగ్గులు అవడం వల్ల కూడా కొంత తగ్గుతుంది. ఆ భాగాన్ని వ్యాయామం ఖాతాలో వేయకూడదు.

ఇతర ప్రయోగాలన్నిటినీ కలిపి చూసే కోక్రేన్ సమీక్ష 2015లో 54 ప్రయోగాలను తీసుకుని, వ్యాయామం చేసినవారికి నూటికి పన్నెండు పాయింట్ల దాకా నొప్పి తగ్గిందని చెప్పింది. 2024లో 139 ప్రయోగాలతో మళ్లీ లెక్క కట్టినప్పుడు, మేలు ఉన్నమాట నిజమేననీ, అది రోగికి స్పష్టంగా తెలిసివచ్చేంత పెద్దదా అన్నది మాత్రం సందేహమేననీ అన్నారు. వ్యాయామం మంత్రం కాదు. అలాగని ఘాటు గారు అన్నట్టు ఉపన్యాసంతో సమానమని కొట్టిపారేయడానికీ వీల్లేదు, ఎందుకంటే సగటు వెనక బాగా మేలు పొందినవాళ్లూ, ఏమీ పొందనివాళ్లూ ఇద్దరూ దాగి ఉంటారు.

ఇనుప_పలకలు
అయితే మా పన్నెండుమందికి తగ్గిన నొప్పి అబద్ధమా?

డబ్లిన్_గణాంకం
అబద్ధమని నేను అనలేదు. మానేసి వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో కూడా చెబితే లెక్క పూర్తవుతుంది.

ఇనుప_పలకలు
ఆరుగురు.

వడపోత
ఈ ఒక్క జవాబు కోసమే ఈ చర్చంతా చదవవచ్చు. నిజం చెప్పినందుకు ట్రైనరు గారిని మెచ్చుకోవాలి.

కోనసీమ_రైతు
నాకు 67 ఏళ్లు. మా ఊళ్లో జిమ్ లేదు, ఫిజియో కావాలంటే అమలాపురం పోవాలి. రెండుసార్లు వెళ్లి నేర్చుకుని, ఆ తరువాత ఇంట్లోనే చేస్తున్నాను, ఇప్పటికి పదకొండు నెలలయింది. ఇసుక సంచికి దుకాణంలో ఆరు వందలు చెప్పారు. మనవడి పాత జీన్సు ప్యాంటు కాలును జానెడు పొడవు కత్తిరించి, ఒక కొస కుట్టించి, గోదావరి ఇసుకను ఎండబెట్టి జల్లించి, కిరాణా కొట్టు తక్కెడలో సరిగ్గా కిలో తూయించి పోశాను. ఇసుకను ముందు పాలిథీన్ కవర్లో పోసి మూతి బిగించాలి, లేకపోతే మంచమంతా రాలుతుంది, ఇంట్లో ఆడవాళ్లతో మాటపడాలి. మధ్యలో అడ్డంగా రెండు కుట్లు వేయిస్తే ఇసుక ఒకే పక్కకు జారదు. కట్టడానికి పాత పంచె అంచు చాలు. మూడు నెలలకు ఇంకో కిలో సంచి చేసి, రెండూ కలిపి కట్టాను. ఇప్పుడు మూడు ఉన్నాయి.

నొప్పి పోయిందా అంటే పోలేదు. వరి చేల గట్ల మీద నడిచేటప్పుడు మోకాలు ఒక్కసారిగా సడలిపోయి పడబోవడం ఉండేది. అది మాత్రం దాదాపు పోయింది. నాకు అది నొప్పి కన్నా పెద్ద సంగతి.

ఓరుగల్లు_ఫిజియో
పెద్దాయన చెప్పిన సడలిపోవడం అనేది నొప్పి కొలతల్లో సరిగ్గా దొరకదు, కానీ పేషెంట్లు అడిగే మొదటి మాట తరచూ అదే.

తెనాలి_లెక్కలమాస్టారు
ఇసుక సంచి లెక్క చూశాను. మోకాలి చిప్ప కింది స్నాయువు కీలు మధ్య నుంచి సుమారు నాలుగైదు సెంటీమీటర్ల దూరంలో లాగుతుంది. సంచి నలభై సెంటీమీటర్ల కింద ఉంది. తులాదండ సూత్రం ప్రకారం చీలమండ దగ్గర రెండు కిలోలంటే, కాలు పూర్తిగా చాపినప్పుడు, తొడ కండరం కనీసం పదహారు కిలోల బలంతో లాగాలి, కాలి సొంత బరువు దానికి అదనం. అందువల్ల ట్రైనరు గారు ఇసుక సంచిని మరీ అంత చులకన చేయనక్కరలేదు.

డబ్లిన్_గణాంకం
మాస్టారికి ఇంకో లెక్క ఇస్తాను. బెర్లిన్‌లో కొందరు పేషెంట్లకు బలాన్ని కొలిచే పరికరం అమర్చిన కృత్రిమ మోకాళ్లు పెట్టి, వాళ్లు మామూలు పనులు చేస్తుండగా నేరుగా కొలిచారు. చదును నేల మీద నడుస్తున్నప్పుడు ఒక మోకాలి మీద శరీర బరువుకు 2.61 రెట్లు, కుర్చీలోంచి లేస్తున్నప్పుడు 2.46 రెట్లు, మెట్లు ఎక్కుతున్నప్పుడు 3.16 రెట్లు, దిగుతున్నప్పుడు 3.46 రెట్లు పడింది. 2010లో ప్రచురించారు, మనుషులు అయిదుగురే, కానీ కొలత సూటిగా తీసుకున్నది.

తెనాలి_లెక్కలమాస్టారు
నా బరువు 78 కిలోలు. అంటే బాత్‌రూముకు నడిచినప్పుడే ఒక్కో అడుగుకు 204 కిలోలు, మెట్లు దిగితే 270 కిలోలు. "బరువుల జోలికి పోకండి" అన్న సలహా ఇక ఎలా పాటించడం? మంచం మీదే ఉండాలి కాబోలు.

ఓరుగల్లు_ఫిజియో
సరిగ్గా అదే నేను చెప్పదలచుకున్నది. బరువు వద్దనుకున్నా రోజూ పడుతూనే ఉంది, అది కూడా కొలత లేకుండా, అలసిపోయిన కాలి మీద. వ్యాయామంలో అదే బరువును మన చేతిలో ఉన్న వేగంతో, మనం ఎంచుకున్న వంపులో వేస్తాం.

వంపు సంగతి కూడా రాస్తాను, ఎందుకంటే చాలామంది దెబ్బతినేది ఇక్కడే. చిప్ప వెనక నొప్పి ఉన్నవాళ్లు గొంతుక్కూర్చునే రకం వ్యాయామాన్ని నిటారు నుంచి నలభై అయిదు డిగ్రీల వంపు దాకా మాత్రమే చేయాలి, అంటే పూర్తిగా కూర్చోవడంలో సగానికే ఆగాలి. కుర్చీలో కూర్చుని కాలు చాపే వ్యాయామానికి ఇది తలకిందులు. అక్కడ తొంభై డిగ్రీల నుంచి నలభై అయిదు దాకా చాపితే చిప్ప మీద ఒత్తిడి తక్కువ, చివరి నలభై అయిదులో ఎక్కువ. మాస్టారి మొదటి రోజు వ్యాయామంలో ముప్పైసార్లూ కాలు పూర్తిగా చాపించారు. నొప్పికి కారణం అదే అయివుండవచ్చునని నా అనుమానం. తరువాతి విడతలో కాలు కింద చిన్న పీట పెట్టి, సగం దాకా మాత్రమే లేపి చూడండి.

గుంటూరు_ఘాటు
చిన్నప్పుడు మా బడిలో గుంజీలు తీయించిన పంతులుగారికి ఈ నలభై అయిదు డిగ్రీల సంగతి తెలిసి ఉంటే ఎంత బాగుండేది.

తెనాలి_లెక్కలమాస్టారు
నేను కూడా తీయించాను. ఆ పాపమే ఇప్పుడు మోకాళ్లకు చుట్టుకుందని మా ఆవిడ అంటుంది.

అత్తగారి_కోడలు
మా అత్తగారికి లెగ్ ప్రెస్, ఇసుక సంచి అని చెబితే నవ్వుతారు. ఆవిడ పూజకు పీట మీదే కూర్చోవాలి, కూరగాయలు కత్తిపీట మీదే తరగాలి. నేల మీద కూర్చుని లేవడమే వ్యాయామం కదా, ఇన్నేళ్లూ చేసిందదే కదా అంటారు. ఏమని చెప్పాలి?

ఓరుగల్లు_ఫిజియో
కూర్చుని లేవడం మంచి వ్యాయామమే. పూర్తిగా ముడుచుకున్న వంపులో అరగంట కదలకుండా ఉండడం మాత్రం వ్యాయామం కాదు. పీటను తీసేయమనకండి, ఎత్తు చేయండి. ముందు కుర్చీ మీద దిండు వేసి, చేతులు ఛాతీకి కట్టుకుని, మూడు లెక్కపెడుతూ నెమ్మదిగా కూర్చోమనండి, తరువాత లేవమనండి. నెమ్మదిగా కిందికి దిగడంలో కండరం పనిచేస్తూనే సాగుతుంది, అది లేచేటప్పటి పనికి ఏమాత్రం తీసిపోదు. మోకాలు లోపలి వైపు ఒరగకుండా, పాదం రెండో వేలి సూటిగా ఉండాలి. ఇలా పదిసార్లు సులువయ్యాక దిండు తీసేయాలి, ఇంకొన్నాళ్లకు తక్కువ ఎత్తు స్టూలు వేసుకోవాలి. డెన్మార్క్‌లో 2013లో మొదలైన గ్లాడ్ అనే వ్యాయామ కార్యక్రమంలో కూడా యంత్రాల హడావుడి లేకుండా, మోకాలు పాదం వరుసలో ఉండేలా కుర్చీ, మెట్టు వంటివాటితోనే వారానికి రెండుసార్లు, ఆరు వారాలు చేయిస్తారు.

వడపోత
తొడకు పట్టీ బిగించి రక్తప్రసారం తగ్గించి, తేలిక బరువుతోనే భారీ ఫలితం వస్తుందని వీడియోల్లో చూపిస్తున్నారు. అది పనికొస్తుందా?

ఓరుగల్లు_ఫిజియో
భారీ బరువును మోకాలు ఓర్చుకోలేని వాళ్లకు ఉపయోగపడే పద్ధతే. అయితే ఒత్తిడిని కొలిచే పట్టీ ఉండాలి, పక్కన తెలిసిన మనిషి ఉండాలి. బీపీ అదుపులో లేనివాళ్లు, కాలిలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు దాని జోలికి పోకూడదు. ఇంట్లో లుంగీ పీలికతో బిగించే ప్రయోగం ఎవరూ చేయకండి, ఆ వీడియోలు నేనూ చూశాను.

బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకూడదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. శ్రమ పడుతున్నప్పుడు ఊపిరి వదలండి. మోకాలు ఎర్రగా, వేడిగా వాచినా, జ్వరం ఉన్నా, కీలు మధ్యలో బిగుసుకుపోయి చాపలేకపోతున్నా వ్యాయామం ఆపి డాక్టరుకు చూపించాలి.

మెట్లంటే_భయం
అమ్మకు ఆపరేషనే మార్గమని, వ్యాయామంతో కాలం గడపడం దండగ అని ఒక చోట చెప్పారు. ఇంకో చోట ఏడాదికి మూడు స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో నెట్టుకురావచ్చన్నారు.

డబ్లిన్_గణాంకం
రెండింటికీ సమాధానం ఉన్న ప్రయోగాలే ఉన్నాయి. 2015లో డెన్మార్క్ వాళ్లు ఆపరేషన్‌కు అర్హులైన వంద మందిలో సగం మందికి మోకాలు మార్చి వ్యాయామం చేయించారు, సగం మందికి వ్యాయామం, ఆహార సలహా వంటివి మాత్రమే ఇచ్చారు. ఏడాది తరువాత ఆపరేషన్ జట్టుకే నొప్పి బాగా ఎక్కువ తగ్గింది, ఇందులో దాపరికం ఏమీ లేదు. తీవ్రమైన ఇబ్బందులు కూడా ఆ జట్టులోనే ఎక్కువ. రెండో జట్టులో ఆ ఏడాదిలో ఆపరేషన్ చేయించుకున్నవారు నూటికి ఇరవై ఆరుగురే. ఇంజెక్షన్ల విషయానికొస్తే, మూడు నెలలకొకసారి రెండేళ్లపాటు స్టెరాయిడ్ ఇచ్చి చూసిన 2017 నాటి ప్రయోగంలో, ఉప్పునీటి ఇంజెక్షన్ కన్నా నొప్పి ఎక్కువ తగ్గలేదు, మృదులాస్థి మాత్రం ఎక్కువ తరిగింది.

ఓరుగల్లు_ఫిజియో
నాలుగో గ్రేడు అని విని బెంబేలెత్తకండి. ఎక్స్‌రేలో కనిపించే గ్రేడుకూ, మనిషి పడే బాధకూ పొంతన కుదరని వాళ్లను రోజూ చూస్తాను. మీ అమ్మగారు చివరికి ఆపరేషన్ చేయించుకున్నా, ముందుగా పెంచుకున్న తొడ కండరం ఆ తరువాత లేచి నడిచేటప్పుడు ఆవిడకే పనికొస్తుంది.

ఇనుప_పలకలు
తిండి గురించి ఎవరూ మాట్లాడడం లేదు. కండరం గాలిలోంచి రాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసు ప్రకారం, మామూలు మనిషికే కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీను కావాలి. మాస్టారికి సుమారు 65 గ్రాములు అవుతుంది. రెండు పూటలా పలచటి పప్పుచారుతో అది తీరదు.

తెనాలి_లెక్కలమాస్టారు
ఆ అమ్మాయి దగ్గరకే మళ్లీ వెళ్లి మర్నాటి నొప్పి సంగతి చెప్పాను. మీరు ఆ రోజే ఫోన్ చేసి ఉండవలసింది అంది. తప్పు ఆమెది కొంత, అడగని నాది కొంత. ఇప్పుడు కిలో సంచి, కాలి కింద పీట, ఎనిమిది చొప్పున రెండు విడతలు. మర్నాటి నొప్పి మూడు. మూడో వారం నడుస్తోంది.

తెనాలి_లెక్కలమాస్టారు
పన్నెండో వారం. నోటుబుక్కులో ఉన్నదే రాస్తున్నాను. ముప్పై సెకన్లలో చేతులు వాడకుండా కుర్చీలోంచి లేవడం మొదటి రోజు ఎనిమిదిసార్లు, నిన్న పన్నెండుసార్లు. ఇసుక సంచి మూడు కిలోలు. లెగ్ ప్రెస్ మీద రెండు కాళ్లతో నలభై కిలోలు పదిసార్లు, వంపు సగం దాకానే. వ్యాయామం చేసే రోజుల్లో వరుసగా రెండుసార్లు చివరి విడతలో అదనంగా రెండుసార్లు చేయగలిగితేనే బరువు పెంచుతున్నాం. మధ్యలో ఒక పెళ్లికి వెళ్లి కింద కూర్చుని భోంచేసినందుకు నాలుగు రోజులు వెనక్కి వెళ్లింది. మెట్లు దిగేటప్పుడు నొప్పి ఇంకా ఉంది, అయిదు నుంచి మూడుకు వచ్చింది. కింద కూర్చుంటే ఇప్పటికీ ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వాలి.

గుంటూరు_ఘాటు
బరువు తగ్గారా?

తెనాలి_లెక్కలమాస్టారు
మూడు కిలోలు. రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె తింటున్నాను.

గుంటూరు_ఘాటు
అదీ సంగతి. మేలు చేసింది జొన్నరొట్టె, పేరు ఇసుక సంచికి.

డబ్లిన్_గణాంకం
ఈసారి ఘాటు గారిని పూర్తిగా కాదనలేను. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో లెక్కగట్టారు. మాస్టారికి అది అడుగుకు పన్నెండు కిలోలు.

తెనాలి_లెక్కలమాస్టారు
రెండు చలరాశులను ఒకేసారి మార్చాను కనుక ఏది ఎంత పనిచేసిందో ఈ సమీకరణంలో తేలదు. తేల్చడానికి ఒకటి మానేసి చూడమంటారా? నేను మానను.

మెట్లంటే_భయం
కోనసీమ పెద్దాయన చెప్పినట్టే జీన్సు సంచి కుట్టించాను, అడ్డంగా రెండు కుట్లతో సహా. అమ్మ నిన్న మొదలుపెట్టింది. ఒక కిలో, ఎనిమిదిసార్లు, ఈ ఉదయం నొప్పి మూడు. సాయంత్రం సీరియల్ చూస్తూ చేసుకోవచ్చా అని అడగమంది.

ఓరుగల్లు_ఫిజియో
నిక్షేపంగా చేసుకోవచ్చు. ప్రకటనలు వచ్చినప్పుడు చేయమనండి, సీరియల్ నడిచినంతసేపూ విశ్రాంతి. ఉత్కంఠ ఉన్న చోట లెక్క తప్పిపోయి ఇరవై చేసేస్తారు, మళ్లీ మర్నాడు నాకే ఫోన్ వస్తుంది.